ఫొటో, కొలబద్ద: యుద్ధ ప్రాంతాల పిల్లల వైద్య సహాయ ప్రచారాలు, 1919–1995

యుద్ధంలో చిక్కుకున్న పిల్లల కోసం విరాళాలు అడిగే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. టీవీలోనో, దినపత్రికలోనో, ఫోన్‌లోనో ఒక పసిబిడ్డ ముఖం కనిపిస్తుంది. ఆ బిడ్డది ఏ దేశమో, అక్కడ ఎవరు ఎవరితో పోరాడుతున్నారో చూసేవారిలో చాలామందికి తెలియదు. అయినా మనసు కరుగుతుంది, ఎంతో కొంత ఇవ్వాలనిపిస్తుంది. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అనుకుంటాం. కాని దీనికీ ఒక కాలం, ఒక ఊరు, పూనుకున్న మనుషులు ఉన్నారు. దీని మొదట్లో ఒక కోర్టు కేసు కూడా ఉంది.

ఈ పాఠం చదివేటప్పుడు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. వేలమంది పిల్లలు ఒకేసారి గాయపడినప్పుడు, జబ్బుపడినప్పుడు, ముందుగా మందు ఎవరికి అందాలో ఎవరు నిర్ణయించారు? జనాన్ని కదిలించిన ఫొటోయా, వైద్యుడి చేతిలోని కొలబద్దా? ఒక ప్రచారం ఎంత డబ్బు రాబట్టిందన్న లెక్క కంటే ఈ ప్రశ్నే ముఖ్యమని నా అభిప్రాయం. డబ్బు లెక్కలు సంస్థల వార్షిక నివేదికల్లో ఎలాగూ దొరుకుతాయి.

ట్రఫాల్గర్ స్క్వేర్ కరపత్రం

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ముగిసిందని మీరు వెనుకటి పాఠాల్లో చదివారు. తుపాకులు ఆగిన మాట నిజమే. కాని బ్రిటన్, దాని మిత్రదేశాలు శత్రుదేశాలపై విధించిన సముద్ర దిగ్బంధం ఆ రోజుతో ఆగలేదు. శాంతి ఒప్పందంపై జర్మనీ చేత సంతకం చేయించుకునేదాకా ఆ పట్టు వదలకూడదన్నది విజేతల ఆలోచన. 1919 జూలైలో గాని దిగ్బంధాన్ని పూర్తిగా ఎత్తివేయలేదు. ఆస్ట్రియా రాజధాని వియన్నా పరిస్థితి మరీ దారుణం. సామ్రాజ్యం ముక్కలవడంతో ఒకప్పుడు హంగరీ నుంచి వచ్చే ధాన్యం, బొహీమియా ప్రాంతం నుంచి వచ్చే బొగ్గు ఇప్పుడు పరాయి దేశాల సరుకులయ్యాయి. పాలు లేవు. నగరంలోని పిల్లల్లో రికెట్స్ వ్యాధి విపరీతంగా పెరిగింది. ఈ వ్యాధిలో ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోతాయి.

ఈ సంగతి బ్రిటిష్ ప్రజలకు చేరే దారి దాదాపు లేదు. యుద్ధకాలపు సెన్సారు ఇంకా అమల్లోనే ఉంది. డొరొతి బక్స్టన్ అనే ఆమె యుద్ధం పొడవునా విదేశీ పత్రికల వార్తలను అనువదించి కేంబ్రిడ్జిలోని ఒక పత్రికలో ప్రచురిస్తూ వచ్చింది. ఆమె అక్క ఎగ్లంటైన్ జెబ్ 1913లో బాల్కన్ యుద్ధ బాధితులకు సహాయం అందించడానికి మాసిడోనియా వెళ్ళి వచ్చిన మనిషి. ఇద్దరూ మరికొందరితో కలిసి 1919 జనవరిలో కరువు నివారణ మండలిని ఏర్పాటు చేశారు. దాని తొలి లక్ష్యం విరాళాలు కాదు, దిగ్బంధం ఎత్తివేయించడం. అంటే అది రాజకీయ ఉద్యమం.

ఆ ఏప్రిల్‌లో జెబ్, ఆమె సహచరి బార్బరా ఎయిర్టన్ గౌల్డ్ లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కరపత్రాలు పంచారు. కరపత్రం మీద ఒక ఆస్ట్రియా పసిబిడ్డ ఫొటో ఉంది. ఒళ్ళంతా ఎండిపోయి తల మాత్రమే పెద్దదిగా కనిపిస్తుంది. ఆ స్థితికి కారణం మన ప్రభుత్వం కొనసాగిస్తున్న దిగ్బంధమేనన్నది కరపత్రం చెప్పిన విషయం. సెన్సారుకు చూపకుండా ముద్రించారన్న ఆరోపణపై దేశరక్షణ చట్టం కింద ఇద్దరినీ అరెస్టు చేశారు. మే 15న విచారణ జరిగింది. కోర్టు నేరం రుజువైందని తేల్చి అయిదు పౌండ్ల జరిమానా వేసింది. ప్రభుత్వం తరఫున వాదించిన సర్ ఆర్చిబాల్డ్ బాడ్కిన్ కేసు గెలిచాక తన జేబులోంచి అయిదు పౌండ్లు తీసి జెబ్ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పిల్లల నిధికి జమ చేసింది.

నాలుగు రోజుల తర్వాత, మే 19న, రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బహిరంగ సభ జరిగింది. శత్రువుల పిల్లలకు తిండి పెట్టమంటున్న ఈ దేశద్రోహుల మీద విసరడానికి కొందరు కుళ్ళిన ఆపిల్ పండ్లు తెచ్చుకున్నారని చెబుతారు. అక్కాచెల్లెళ్ళ మాటలు విన్నాక సభ తీరు మారిపోయింది. 'సేవ్ ది చిల్డ్రన్ ఫండ్' అనే సంస్థ ఆ సభలోనే ప్రజల ముందుకు వచ్చింది. ఏడేళ్ళలోపు శత్రువులు తనకెవరూ లేరని బెర్నార్డ్ షా ఆ రోజుల్లో అన్నట్లు చెప్పే మాట ఆ సంస్థకు బాగా ఉపయోగపడింది.

ఇక్కడ జరిగిన మార్పు మీరు గమనించాలి. ఏప్రిల్ కరపత్రం ఒక దోషిని చూపించింది. మే సభ తర్వాతి ప్రచారం బిడ్డను మాత్రమే చూపించింది. కారణం ఎవరన్న ప్రశ్న క్రమంగా పక్కకు తప్పుకుంది, చందాలు పెరిగాయి. దీన్ని కొందరు చరిత్రకారులు లొంగుబాటుగా చూస్తారు. నేను అలా అనను. దిగ్బంధం జూలైలో తొలగిపోయింది, వియన్నా పిల్లల ఆకలి మాత్రం తొలగలేదు. అయితే ఆ మార్పు ఒక అచ్చు పోసి పెట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రచారాలు చాలావరకు ఆ అచ్చులోంచి వచ్చినవే.

గుర్తులను ఎంచుకోవడంలో జెబ్ దిట్ట. సంస్థ తొలి చిహ్నంగా ఫ్లోరెన్స్ నగరంలోని పాత అనాథ శిశు ఆలయం గోడ మీది శిల్పాన్ని తీసుకుంది. గుడ్డల్లో చుట్టిన పసికందు రెండు చేతులూ చాచి ఉన్న బొమ్మ అది. ఆ బిడ్డకు దేశం లేదు, మతం లేదు. పోప్ పదిహేనవ బెనెడిక్ట్ ఆ ఉద్యమానికి మద్దతు పలికి, 1919 డిసెంబరు 28న కాథలిక్ చర్చిలన్నిటిలో పిల్లల కోసం చందాలు వసూలు చేయమని కోరాడు. ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. హేరోదు రాజు బెత్లెహేములోని పసిపిల్లలను చంపించిన ఘటనను క్రైస్తవులు స్మరించుకునే రోజది. మనకు కంసుడి కథ ఎలాంటిదో వారికి ఆ కథ అలాంటిది. ఆంగ్లికన్ మతస్థురాలైన ఒక స్త్రీ మొదలుపెట్టిన పనికి పోప్ చేయూతనివ్వడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

వియన్నాలో జరిగిన పని

లండన్‌లో ఫొటో డబ్బు తెస్తుంటే వియన్నాలో ఏం జరిగిందో చూద్దాం. ఈ భాగాన్ని చాలా పుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి.

అక్కడి పిల్లల ఆసుపత్రికి అధిపతి క్లెమెన్స్ ఫాన్ పిర్కే. 'అలెర్జీ' అనే మాటను వైద్యశాస్త్రానికి ఇచ్చింది ఆయనే. అమెరికా నుంచి హెర్బర్ట్ హూవర్ సంస్థ ద్వారా వచ్చిన ఆహారాన్ని ఆస్ట్రియా పిల్లలకు పంచే బాధ్యత ఆయనకు అప్పగించారు. ఉన్నది అందరికీ సరిపోదు. కాబట్టి ఎవరికి పెట్టాలి? చూడగానే జాలి కలిగించే పిల్లలకా? పిర్కే అందుకు ఒప్పుకోలేదు. ప్రతి బిడ్డ బరువు తూచి, కూర్చున్నప్పటి ఎత్తు కొలిచి, రెండింటినీ కలిపి ఒక అంకె తేల్చే సూత్రం తయారుచేశాడు. దానికి పెలిడిసి అని పేరు పెట్టాడు. ఆ అంకె ప్రకారమే భోజనం. ఆ సూత్రంలో లోపాలున్నాయని తర్వాతివారు విమర్శించారు. అది వేరే చర్చ. ఎంపికకు ఒక నియమం ఉండాలన్న ఆలోచనే ఇక్కడ ముఖ్యం.

అదే ఆసుపత్రికి 1919లో లండన్ లిస్టర్ సంస్థ శాస్త్రవేత్త హారియెట్ చిక్ తన బృందంతో వచ్చింది. రికెట్స్ అంటువ్యాధి అని కొందరు, గాలి వెలుతురు లేక వస్తుందని కొందరు, తిండి లోపమని కొందరు వాదించుకుంటున్న కాలం. కాడ్ చేప కాలేయపు నూనె ఇచ్చినా, ఎండ తగిలేలా చేసినా ఆ వ్యాధిని నివారించవచ్చని, నయం చేయవచ్చని ఆమె బృందం పసిపిల్లల వార్డులో నిరూపించింది. ఇవాళ మీ ఇంట్లో పిల్లలకు విటమిన్ డి చుక్కలు వేయమని డాక్టరు రాసిచ్చినప్పుడు, దాని వెనుక ఓడిపోయిన దేశపు రాజధానిలో జరిగిన ఈ పని కూడా ఉంది.

అంటే 1919లో ఫొటో, కొలబద్ద రెండూ ఉన్నాయి. ఫొటో వనరులు తెచ్చింది, కొలబద్ద వాటిని పంచింది. ఒకదాని పనిలో ఇంకొకటి తలదూర్చలేదు. 1924 సెప్టెంబరు 26న నానాజాతి సమితి ఆమోదించిన జెనీవా బాలల హక్కుల ప్రకటనకు ముసాయిదా జెబ్‌దే. ఆపద సమయంలో సహాయం అందరికంటే ముందు బిడ్డకు అందాలని అందులోని ఒక అంశం చెబుతుంది. ఏ బిడ్డకు ముందు అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. బిడ్డలందరూ ఒకటే అన్నది ఆమె నమ్మకం.

బయాఫ్రా: ఫొటోకు కనిపించే జబ్బు

దాదాపు యాభై ఏళ్ళు ముందుకు వెళ్దాం. 1967 మే 30న నైజీరియా తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. జూలైలో మొదలైన యుద్ధం 1970 జనవరి దాకా సాగింది. నైజీరియా ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని దిగ్బంధించింది. 1968 వేసవిలో బయాఫ్రా పిల్లల ఫొటోలు యూరప్ పత్రికల మొదటి పేజీలకెక్కాయి. విలేకరులను మిషనరీలు లోపలికి పిలిచి చూపించారు. బయాఫ్రా ప్రభుత్వం జెనీవాలోని మార్క్‌ప్రెస్ అనే ప్రచార సంస్థకు డబ్బిచ్చి తన వాదనను ప్రపంచ పత్రికలకు చేరవేయించుకుంది. యుద్ధం చేస్తున్న ఒక పక్షం పిల్లల ఆకలిని తన దౌత్యానికి వాడుకోవడం అప్పటికి కొత్త కాకపోయినా, జీతానికి నిపుణులను పెట్టుకుని వాడుకోవడం కొత్త.

ఆ ఫొటోల్లోని పిల్లలకు ఉబ్బిన పొట్టలు, వాచిన పాదాలు, ఎర్రబారిన జుట్టు ఉండేవి. అది క్వాషియార్కర్. పశ్చిమాఫ్రికాలోని గా భాష మాట ఇది. 1930లలో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు వైద్యశాస్త్రంలోకి తెచ్చింది. మన దేశంలో ఈ వ్యాధిపై లోతైన పరిశోధన చేసిన డాక్టర్ సి. గోపాలన్ నడిపిన సంస్థే హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఈ జబ్బు కెమెరాకు కనిపిస్తుంది. పోషణ లేని పిల్లలను త్వరగా చంపే తట్టు, విరేచనాలు అలా కనిపించవు. తట్టు టీకా వేయించుకుని బతికిన బిడ్డకూ మామూలు బిడ్డకూ ఫొటోలో తేడా ఏముంటుంది? అందువల్ల ప్రచారం ఎప్పుడూ కనిపించే జబ్బు వైపే మొగ్గుతుంది. ప్రచార చిత్రాన్ని చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఫొటోలో లేనిది ఆ ఊళ్ళో లేనట్లు కాదు.

బయాఫ్రాలోనూ కొలబద్ద ఉంది, అదీ అక్షరాలా. అక్కడ పనిచేసిన క్వేకర్ సేవా బృందం ఒక కర్ర మీద గుర్తులు పెట్టి, బిడ్డ ఎత్తుకు జబ్బ చుట్టుకొలత ఎంత ఉండాలో వెంటనే తెలిసేలా చేసింది. తూకం యంత్రాలు లేని చోట వరుసలో నిలబడ్డ వందలమంది పిల్లల్లో ఎవరికి ముందు తిండి పెట్టాలో ఆ కర్ర చెప్పేది. మీలో అంగన్‌వాడీలలో పనిచేస్తున్నవారు ఉంటే, పిల్లల జబ్బకు చుట్టే రంగుల టేపు మీకు బాగా తెలుసు. ఆ కర్రా ఈ టేపూ ఒకే కోవకు చెందినవి. ఫొటోలు తీసినవారి పేర్లు చరిత్రలో నిలిచాయి. కర్ర సంగతి పోషకాహార నిపుణులకు తప్ప ఎవరికీ తెలియదు.

ఫ్రెంచ్ రెడ్‌క్రాస్ తరఫున అక్కడ పనిచేసిన బెర్నార్డ్ కుష్నర్ వంటి యువ వైద్యులు మౌనంగా ఉండాలన్న నియమానికి ఎదురు తిరిగారు. చికిత్స చేయడంతో పాటు చూసింది చెప్పడం కూడా వైద్యుడి పనే అన్నారు. 1971 డిసెంబరులో 'మెడిసిన్స్ శాన్స్ ఫ్రాంటియర్స్' ఏర్పడడానికి ఈ అనుభవం ఒక మూలం.

ఎల్ సాల్వడార్: మూడు ఆదివారాలు

మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్‌లో 1980 నుంచి అంతర్యుద్ధం. ఒకవైపు అమెరికా అండ ఉన్న ప్రభుత్వం, మరోవైపు వామపక్ష గెరిల్లాలు. యూనిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్ అధ్యక్షుడు డ్వార్టే ముందు ఒక వాదన పెట్టాడు. టీకాలతో ఆపగలిగిన జబ్బులతో పోతున్న పిల్లలు యుద్ధంలో చనిపోతున్నవారి కంటే ఎక్కువ. కాబట్టి టీకాల కోసం యుద్ధాన్ని ఆపండి. శాశ్వతంగా కాదు, ఒక్కొక్క రోజు చొప్పున.

అది ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని సంతకాలు చేసుకున్న ఒప్పందం కాదు. కాథలిక్ చర్చి పెద్దలు మధ్యవర్తులై మాట నడిపారు. 1985 ఫిబ్రవరి 3, మార్చి 3, ఏప్రిల్ 21. మూడూ ఆదివారాలే. ఆ రోజుల్లో వేలమంది ఆరోగ్య కార్యకర్తలు పోలియో, తట్టు, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకాలు పట్టుకుని దేశమంతటా, గెరిల్లాల అధీనంలోని ప్రాంతాలతో సహా, తిరిగారు. దాదాపు రెండున్నర లక్షలమంది పిల్లలకు టీకాలు అందాయి. వీటికి 'ప్రశాంత దినాలు' అని పేరు వచ్చింది.

ఇది కూడా ప్రచారమే. రేడియో, టీవీ, చర్చి ప్రసంగాలు అన్నీ తేదీలనే మోగించాయి. ప్రభుత్వానికి మంచిపేరు కావాలి, గెరిల్లాలకు గుర్తింపు కావాలి. ఇద్దరూ తమ లాభం చూసుకోలేదని అనలేం. కాని ఇక్కడ గుర్తు ఒక బిడ్డ ముఖం కాదు, క్యాలెండరులోని ఒక రోజు. పల్స్ పోలియో ఆదివారం నాడు మన బస్టాండుల్లో, బడుల్లో చుక్కలు వేసేవారిని తలచుకోండి. ఏ బిడ్డ జాలిగొలుపుతోందని వారు చూడరు. వయసు చూస్తారు, అంతే. ఎంపిక అనే సమస్యే అక్కడ లేదు. 1992 జనవరిలో శాంతి ఒప్పందం కుదిరేదాకా ఎల్ సాల్వడార్‌లో ఏటా ఈ ఏర్పాటు సాగింది. ఆ తర్వాత శ్రీలంకతో సహా యుద్ధం నడుస్తున్న పలు దేశాల్లో పోలియో టీకాల కోసం ఇదే పద్ధతిని పాటించారు.

సారాయెవో, 1993 ఆగస్టు

ఒక మంచి పద్ధతి దొరికాక ప్రపంచం దాన్నే పట్టుకుంటుందని మనం ఆశిస్తాం. ఎనిమిదేళ్ళ తర్వాత బోస్నియాలో జరిగింది చూడండి.

సారాయెవో నగరం 1992 ఏప్రిల్ నుంచి సెర్బు సేనల ముట్టడిలో ఉంది. చుట్టూ కొండలు, కొండల మీద ఫిరంగులు. 1993 జూలై 30న ఒక మోర్టార్ గుండు పడి అయిదేళ్ళ పాప వెన్నుకు, తలకు, పొట్టకు గాయాలయ్యాయి. తల్లి చనిపోయింది. పాప పేరు ఇర్మా. నగర ఆసుపత్రిలో ఆమెకు కావలసిన చికిత్స చేసే వీలు లేదు. గాయపడినవారిని విమానాల్లో బయటికి పంపాలంటే ఐక్యరాజ్య సమితి వైద్య కమిటీ ఒప్పుకోవాలి, ఏదో ఒక దేశం మంచం ఇస్తాననాలి. అనుమతి రాకపోవడంతో ఆమెకు చికిత్స చేస్తున్న సర్జన్ విదేశీ విలేకరులను ఆశ్రయించాడు. ఆ వైద్యుణ్ణి తప్పుపట్టలేం. కళ్ళ ముందున్న రోగి కోసం ఏ వైద్యుడైనా చేయవలసిన పనే చేశాడు.

పాప దృశ్యాలు బ్రిటిష్ టీవీలో వచ్చాయి. ప్రధానమంత్రి జాన్ మేజర్ స్వయంగా జోక్యం చేసుకున్నాడు. ఆగస్టు 9న వాయుసేన విమానం ఆమెను తీసుకువచ్చింది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో చేర్చారు. వెంటనే స్వీడన్, ఇటలీ కూడా మంచాలు ఇస్తామన్నాయి. నెలల తరబడి దొరకని మంచాలు కొద్ది రోజుల్లో దొరికాయి. పత్రికలు దీనికి 'ఆపరేషన్ ఇర్మా' అని పేరు పెట్టాయి. గిట్టనివారు ఆ పేరులోని నాలుగు ఇంగ్లిషు అక్షరాలను విడదీసి 'మీడియా దృష్టికి తక్షణ స్పందన' అని అర్థం చెప్పారు.

వచ్చిన విమర్శ చిన్నది కాదు. బ్రిటన్ పిల్లలకు మాత్రమే సహాయం చేస్తుందా, అందులోనూ ఫలానా వయసువారికి, ఫలానా రంగు జుట్టు ఉన్నవారికేనా అని శరణార్థుల సంస్థ ప్రతినిధి సిల్వానా ఫోవా బాహాటంగానే దెప్పింది. సారాయెవో రోగులను ఏరుకునే సూపర్‌మార్కెట్ కాదన్నది ఆమె మాట. తరలింపు కమిటీ అధిపతి కూడా అంతే కటువుగా మాట్లాడాడు. విమానాల్లోంచి దిగినవారిలో పెద్దవాళ్ళు, గాయపడిన సైనికులు ఉండడం చూసి కొన్ని బ్రిటిష్ పత్రికలు తమను మోసగించినట్లు రాశాయి. ఫొటోలో చూసిన సరుకు రాలేదన్నట్లుంది ఆ ధోరణి! వైద్య అవసరం ప్రకారం తయారైన జాబితాలో పెద్దలు ఉండడం సహజమన్న ఆలోచన వారికి తట్టలేదు.

రెండో వైపు వాదన కూడా ఉంది. ఇర్మా వల్ల కదలిక రాకపోతే ఆ మంచాలు ఎవరికీ దొరికేవి కావు. ఆమె వెంట బయటపడినవారికి ఆ ప్రచారమే ప్రాణం పోసింది. ఒకరినైనా రక్షించడం ఎవరినీ రక్షించకపోవడం కంటే మేలని మేజర్ ప్రభుత్వం సమర్థించుకుంది. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకండి. నాకు అభ్యంతరం మరోచోట ఉంది. వియన్నాలో ఫొటో తెచ్చిన వనరులను కొలబద్ద పంచింది. సారాయెవోలో కొలబద్ద చేయవలసిన పనిని కూడా ఫొటోయే చేసింది. పైగా దిగ్బంధం ఎవరిదని అడిగిన 1919 నాటి కరపత్రపు ప్రశ్న, ముట్టడి ఎవరిదని ఇక్కడ మళ్ళీ గట్టిగా అడగవలసి ఉంది. ఆ ఆగస్టులో టీవీ తెరల మీద ముట్టడి కంటే విమానానికే ఎక్కువ చోటు దక్కింది.

ఇర్మాకు మెడ కింది భాగమంతా చచ్చుబడిపోయింది. ఇరవై నెలల చికిత్స తర్వాత 1995 ఏప్రిల్ 1న లండన్ ఆసుపత్రిలోనే చనిపోయింది. సారాయెవో ముట్టడి 1996 ఫిబ్రవరి 29 దాకా, ఇంకో పదకొండు నెలలు సాగింది.